మొలకెత్తిస్తే గింజలో విషం పోతుందా, పెరుగుతుందా?

కనిగిరి దగ్గర నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. "ఇంట్లో రోజూ మొలకలు తింటాం. ఇప్పుడు ట్రేలలో మైక్రోగ్రీన్స్ (వారం పది రోజుల లేత మొక్కలు) పెంచి ఒంగోలులో అమ్మాలనుకుంటున్నాను. పెసలు, శనగలతో పాటు చిక్కుడు, తమ్మకాయ, రాజ్మా, బఠాణీ గింజలు కూడా మొలకెత్తిద్దామని ఆలోచన. మొలకెత్తిస్తే గింజలో విషాలన్నీ పోతాయని ఒక వీడియోలో చెప్పారు. మొలకలోనే విషం పెరుగుతుందని మా బాబాయి అంటున్నారు. ఏది నిజం? ఇంకో సంగతి. మా మేకలు సుబాబుల్ చెట్ల కింద మొలిచిన నారు తెగ మేస్తున్నాయి, వాటి బొచ్చు ఊడుతోంది. దీనికీ దానికీ సంబంధం ఉందా?"

ముందు సూటిగా చెప్పేస్తాను. వీడియోలో చెప్పింది సగం నిజం, మీ బాబాయి గారు చెప్పింది ఇంకో సగం. నానబెట్టి మొలకెత్తిస్తే గింజలోని కొన్ని చెడు పదార్థాలు తగ్గుతాయి. కొన్ని అలాగే ఉంటాయి. కొన్ని పెరుగుతాయి. ఎండు గింజలో బొత్తిగా లేనివి మొలకలో కొత్తగా పుట్టడం కూడా ఉంది. పెసలు, శనగలు, అలసందలు ఒకటి రెండు రోజుల మొలకలుగా తినడానికి ఏ టెన్షనూ అక్కర్లేదు. రాజ్మా, తమ్మకాయ, ముదురు చిక్కుడు గింజ, సోయా మాత్రం పచ్చి మొలకలుగా అమ్మే ఆలోచన మానుకోండి. మేకల బొచ్చుకూ దీనికీ సంబంధం ఉంది, దాని గురించి చివర్లో చెబుతాను.

నేను పప్పుధాన్యాల విత్తనాల మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. సర్వీసులో ఎక్కువ భాగం ప్రకాశం జిల్లాలోనే గడిచింది. శనగ, కంది, మినుము రైతులు నూటికి ఎన్ని మొలుస్తాయని అడిగేవారే కానీ మొలకలో ఏముంటుందని అడిగేవారు అరుదు. అందుకే మీ ప్రశ్న చూసి ముచ్చటేసింది. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

పప్పుజాతి గింజలో రెండు బద్దల నిండా ఉండేది మొలక కోసం దాచిన తిండి, అందులోనూ ముఖ్యంగా ప్రోటీను. తడి తగలగానే గింజ దాన్ని విరగ్గొట్టి, ప్రోటీనుకు ఇటుకల్లాంటివీ నత్రజని ఉన్నవీ అయిన అమైనో ఆమ్లాలుగా మార్చి వేరుకూ మోసుకూ పంపుతుంది. కాబట్టి మొదటి వారం పది రోజులూ ఆ పసిమొక్కకు నత్రజనికి కరువుండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే దాన్ని తినని జీవి కూడా ఉండదు. బెరడు లేదు, ముల్లు లేదు, ఆకు ఇంకా ముదరలేదు. చీమ, పురుగు, బూజు, మేక, అందరికీ అది మెత్తని మేత. ఒక్క కొరుకు పడితే మళ్లీ చిగురించే అవకాశం కూడా చాలాసార్లు ఉండదు. అందుకని చాలా పప్పుజాతి మొక్కలు చేతిలో ఉన్న ఆ నత్రజనితోనే విషం తయారుచేసుకుంటాయి. మొక్క జీవితం మొత్తంలో ఎండు బరువుతో పోల్చుకుంటే విషం పాలు ఎక్కువగా ఉండేది ఈ పసి వయసులోనూ, పెద్దయ్యాక లేత చిగుళ్లలోనూ. ఎండు గింజను పరీక్షించి మొలక గురించి తీర్పు చెప్పలేం అనేది ఇందుకే.

దీనికి అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ కేసరి పప్పు. ఇది మన నెల్లూరు, ప్రకాశం రైతుల పంట కాదు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, బీహార్, బెంగాల్ వైపు పండుతుంది. మనం దీని పేరు వినేది కందిపప్పులోనో శనగపిండిలోనో కల్తీ అన్నప్పుడే. కరువు రోజుల్లో వేరే తిండి దొరక్క రెండు మూడు నెలల పాటు ఇదే ముఖ్యమైన ఆహారంగా తిన్నవాళ్లకు కాళ్లు బిగుసుకుపోయి నడక పోయేది. ఒకసారి పోయిన నడక తిరిగి రాదు. మధ్యప్రదేశ్‌లోని రేవా ప్రాంతంలో వెట్టి కూలీలకు కూలి కింద ఈ గింజలే కొలిచేవారు కాబట్టి జబ్బు కూడా వాళ్లకే ఎక్కువగా వచ్చింది. 1961లో దీని అమ్మకాన్ని నిషేధించారు. అందులోని విషాన్ని 1964లో మన దేశపు శాస్త్రవేత్తలే విడదీసి చూపించారు. వారిలో ఒకరైన ఎస్.ఎల్.ఎన్. రావు గారు ఆ తర్వాత హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. ఆ విషాన్ని క్లుప్తంగా ఓడాప్ అంటారు. అదీ ఒక అమైనో ఆమ్లమే. కాకపోతే ప్రోటీన్లను కట్టే ఇరవై అమైనో ఆమ్లాల్లో ఒకటి కాదు, బయటిది. నరాల కణాలను అతిగా రెచ్చగొట్టి చంపుతుంది.

ఇక ఈ గింజను మొలకెత్తిస్తే ఏమవుతుంది? ఓడాప్ మొదటి కొద్ది రోజుల్లో తగ్గకపోగా పెరుగుతుంది. దానికి తోడు ఎండు గింజలో కనిపించని ఇంకో పదార్థం మొలకలో పోగుపడుతుంది. దాన్ని బియా అంటారు, ఓడాప్ తయారీలో మధ్య మెట్టు అది. దీన్ని చూపించడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. ఎండు గింజల సారం ఒక చుక్క, మూడు రోజుల మొలకల సారం ఒక చుక్క, కలిసిన పదార్థాలను విడదీసి చూపే క్రోమటోగ్రఫీ కాగితం మీద పక్కపక్కన పెట్టి, ద్రావకం పైకి పాకాక కాగితాన్ని ఆరబెట్టి, నిన్‌హైడ్రిన్ అనే రసాయనం చల్లి కాస్త వేడి చూపిస్తే చాలు. అమైనో ఆమ్లం ఉన్న చోటల్లా మచ్చ తేలుతుంది. గింజ వరుసలో ఖాళీగా ఉన్న చోట మొలక వరుసలో చక్కగా ఒక మచ్చ కనిపిస్తుంది. శిక్షణకు వచ్చే పిల్లలకు నేను పాఠం చెప్పకముందే ఈ కాగితం చేతికిచ్చేవాణ్ణి. (గ్లవ్స్ లేకుండా పట్టుకున్నవాళ్ల వేళ్లు ఊదా రంగుకు తిరిగి, కడిగినా ఒక పట్టాన వదిలేది కాదు.)

ఈ బియాను తయారుచేసేది ప్రత్యేకంగా విషం కోసం పుట్టిన ఎంజైమ్ కాదు. మామూలుగా సిస్టీన్ అనే గంధకం ఉన్న అమైనో ఆమ్లాన్ని తయారుచేసేదే ఈ పని కూడా చేసిపెడుతుంది. మొలకకు సిస్టీన్ ఎటూ కావాలి, ఆ దారి ఎటూ తెరిచే ఉంటుంది, దాని పక్కనే విషం దారి. నీటి ఎద్దడి వచ్చినా, నేలలో జింకు తక్కువైనా కేసరిలో ఓడాప్ ఎక్కువవుతుంది. ఒకే రకం గింజ ఒక ఊళ్లో ఒకలా, ఇంకో ఊళ్లో ఇంకోలా ఉండడానికి కారణం ఇది. ఓడాప్ తక్కువగా ఉండే రతన్, ప్రతీక్, మహాతేవడా లాంటి రకాలు ఇప్పుడున్నాయి. అయినా దాన్ని మొలకెత్తించి తినమని నేను చెప్పను.

మీ జాబితాలో బఠాణీ ఉంది కదా. బఠాణీ మొలకలో కూడా ఈ బియా ఉంటుంది. ఎండు గింజలో ఉండదు, మొలకెత్తాక వస్తుంది. కానీ కంగారు పడకండి. బఠాణీలో అది ఓడాప్‌గా మారే చివరి మెట్టు లేదు, పైగా బియా విషం ఓడాప్ కంటే చాలా బలహీనం. చైనాలో బఠాణీ లేత తీగలను కూరగా వండుకుని శుభ్రంగా తింటారు. కాబట్టి బఠాణీ మైక్రోగ్రీన్స్ పెంచండి, అమ్మండి. రోజూ గిన్నెడు జ్యూస్ చేసుకుని తాగమని ప్రచారం మాత్రం చెయ్యకండి.

తమ్మకాయ సంగతి వేరు. కొందరు చమ్మకాయ అంటారు, కత్తిలాంటి పెద్ద కాయ. లేతగా ఉన్నప్పుడు తరిగి కూర చేసుకుంటాం, బాగుంటుంది. ముదిరిన గింజలో మాత్రం రెండు విషాలున్నాయి. ఒకటి కెనవనిన్, జపాన్‌లో 1929లో దీని దగ్గరి చుట్టమైన జాక్ బీన్ నుంచి బయటికి తీశారు. ఇది అచ్చం ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లంలా ఉంటుంది. దొంగనోటు అసలు నోట్ల కట్టలో కలిసిపోయినట్టు తిన్నవాడి ప్రోటీన్లలో ఆర్జినిన్ ఉండాల్సిన చోట ఇది దూరిపోతుంది, ఆ ప్రోటీన్ సరిగ్గా పనిచెయ్యదు. ఆ మొక్కకు మాత్రం ఏమీ కాదు, ఎందుకంటే దాని ఎంజైములు అసలునూ నకిలీనీ పోల్చుకోగలవు. మొక్కకు ఇది ఆయుధమే కాదు, నత్రజని నిల్వ కూడా. మొలక ఎదిగేకొద్దీ నెమ్మదిగా విరగ్గొట్టి వాడుకుంటుంది. కానీ ఆ పని మనం తినే రెండు మూడు రోజుల్లో పూర్తికాదు, బద్దల్లో ఉన్నది మొలకలోకి కూడా పాకుతుంది. రెండో విషం లెక్టిన్ అనే ప్రోటీన్, పేగు గోడకు అంటుకుని ఇబ్బంది పెడుతుంది. (ఇదే జాక్ బీన్ గింజ నుంచి 1926లో జేమ్స్ సమ్నర్ యూరియేజ్ అనే ఎంజైమ్‌ను స్ఫటికాలుగా తీసి, ఎంజైములు ప్రోటీన్లేనని చూపించాడు. 1946లో ఆయనకు నోబెల్ వచ్చింది. కూరగాయల సంతలో ఎవరూ పట్టించుకోని గింజకు చరిత్ర పెద్దదే.)

కెనవనిన్ మన పశువుల మేత లూసర్న్ మొలకల్లో కూడా ఉంది. పెద్ద ఊళ్లలో దాన్నే ఆల్ఫాల్ఫా స్ప్రౌట్స్ అని డబ్బాల్లో పెట్టి ఖరీదుగా అమ్ముతారు. 1982లో అమెరికాలో కోతులకు ఈ మొలకలు మేపి చూస్తే లూపస్‌ను పోలిన లక్షణాలు వచ్చాయి. లూపస్ అంటే ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడే జబ్బు. అప్పుడప్పుడు సలాడ్‌లో నాలుగు పోగులు వేసుకున్నవాళ్లకు ఏమీ కాదు. లూపస్ ఉన్నవాళ్లు మాత్రం వాటి జోలికి వెళ్లకూడదు. మీరు ఆ మొలకలు అమ్మేట్టయితే ఈ ముక్క కొనేవాళ్లకు చెప్పాలి.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకుంటే మీకు సగం అనుమానాలు తీరిపోతాయి. ప్రోటీన్ విషాలు ఉడికితే చస్తాయి. అమైనో ఆమ్ల విషాలు ఉడికినా చాలా వరకు మిగులుతాయి, కాకపోతే నీళ్లలోకి దిగుతాయి. రాజ్మాలోని లెక్టిన్, సోయాలోనూ ఉలవల్లోనూ జీర్ణానికి అడ్డుపడే ట్రిప్సిన్ నిరోధకాలు మొదటి రకం. కెనవనిన్, ఓడాప్ రెండో రకం. మొదటి రకానికి బాగా ఉడికించడమే మందు. రెండో రకానికి ఎక్కువ నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లూ వంచేయాలి. పోషకాలు పోతాయని నానబెట్టిన నీళ్లతోనే వండమనే సలహాలు పెసలకు సరిపోతాయేమో, అన్ని గింజలకూ కాదు.

రాజ్మా గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పచ్చివి నాలుగైదు గింజలు తిన్నా కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మొలకెత్తించినంత మాత్రాన లెక్టిన్ పోదు. సగం ఉడికించడం ఇంకా చెడ్డది. సన్నని సెగ మీద, మరిగే వేడి అందకుండా ఉంచితే విషం పచ్చి గింజ కంటే ఎక్కువగా పనిచేసిన సందర్భాలున్నాయి. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు కళపెళా ఉడకాలి, అరగంట అయితే నిశ్చింత. మన ప్రెషర్ కుక్కర్ ఈ పనిని సుఖంగా చేస్తుంది. అంటే రాజ్మా కూర హాయిగా తినండి, రాజ్మా మొలకల సలాడ్ వద్దు.

చిక్కుడు, అనప గింజల విషయంలో మన పెద్దవాళ్ల పద్ధతి సరైనదే. నానబెట్టి, తోలు పితికి, ఆ తర్వాత ఉడికించే పితికిపప్పులో పైతోలుతో పాటు అందులోని వగరు పోతుంది, ఉడకడంతో ట్రిప్సిన్ నిరోధకాలు పోతాయి. ముదురు రంగు చిక్కుడు గింజల్లో కొన్నిటికి సయనైడ్‌ను వదిలే పదార్థం కొంత ఉంటుంది, మూత తీసి ఉడికిస్తే అదీ ఆవిరితో పోతుంది. డబుల్ బీన్స్‌కు కూడా ఇదే మాట. ఉలవలు మొలకెత్తించవచ్చు, కానీ ఆవిరి మీద ఉడికించి తింటే కడుపుకు మంచిది.

సయనైడ్ అన్నాను కాబట్టి పప్పుజాతి కాకపోయినా జొన్న సంగతి చెప్పకుండా ఉండలేను. కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు పశువులు కాసేవాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు. జొన్న కోశాక మోళ్ల నుంచి లేచే నామును బెట్ట రోజుల్లో పశువు మేస్తే నిమిషాల్లో ఉబ్బి, నురగ కక్కి పడిపోతుంది. ఎండు జొన్న గింజను ఎంత తిన్నా ఏమీ కాదు. అదే గింజ మొలిస్తే ఆ లేత మొలకలో, మోడు నుంచి వచ్చే లేత పిలకలో సయనైడ్ పుట్టించే పదార్థం పోగుపడుతుంది. మొక్క నడుమెత్తు దాటి పూతకు వచ్చేసరికి బాగా తగ్గుతుంది. "గింజలో లేనిది మొలకలో ఎలా వస్తుంది సార్" అని ఎవరైనా అడిగితే నేను కాగితం మీద మచ్చలు చూపించే బదులు నాము గుర్తుచేసేవాణ్ణి, వెంటనే అర్థమయ్యేది. అన్నట్టు, జొన్న మైక్రోగ్రీన్స్ అని కూడా ఎవరైనా మొదలుపెడితే దయచేసి వద్దని చెప్పండి.

వీడియోవాళ్లు చెప్పిన మంచి కూడా చెప్పాలి. మొలకెత్తినప్పుడు కడుపు ఉబ్బరం తెచ్చే రాఫినోజ్ జాతి చక్కెరలను మొలక తన తిండిగా రెండు మూడు రోజుల్లో చాలా వరకు వాడేసుకుంటుంది. ఇనుము, జింకు ఒంటికి పట్టకుండా అడ్డుపడే ఫైటేట్ కూడా తగ్గుతుంది. విటమిన్ సి కొత్తగా వస్తుంది. పెసలలో మొదటి నుంచీ విషాలు తక్కువ కాబట్టి అక్కడ లాభమే మిగులుతుంది. చిక్కల్లా పెసలకు నిజమైనదాన్ని పట్టుకెళ్లి అన్ని గింజలకూ అంటగట్టడంలో ఉంది.

ఇక మీ వ్యాపారం. మొక్కలు తయారుచేసే విషాల కంటే మీరు ఎక్కువ భయపడాల్సినవి రెండున్నాయి.

ఒకటి, విత్తనం. విత్తడానికి అమ్మే సంచుల్లోని గింజలకు విత్తనశుద్ధి చేసి ఉంటుంది. థైరమ్, మాంకోజెబ్, ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు పట్టించి, గుర్తు కోసం గులాబీ రంగో మరో రంగో వేస్తారు. మొలక శాతం బాగుంటుందని వాటిని ట్రేలో పోసినవాళ్లను నేను చూశాను. కడిగితే రంగు పోతుంది, మందు పోదు, ఇమిడాక్లోప్రిడ్ అయితే మొలక లోపలికే ఎక్కుతుంది. తిండి కోసం అమ్మే గింజలు, అవీ మీకు తెలిసిన రైతు దగ్గర మందు కలపకుండా నిల్వ చేసినవి తీసుకోండి. శనగలు పండే జిల్లాలో ఉన్నారు, మీకు అది కష్టం కాదు.

రెండు, సూక్ష్మజీవులు. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా వ్యాపించిన ఈ-కోలై వల్ల వేల మంది జబ్బుపడ్డారు, యాభై మందికి పైగా చనిపోయారు. మొలక పెరిగే తడి, వెచ్చదనం క్రిములకూ సరిగ్గా సరిపోతాయి. మన వేసవి వేడికి ట్యాంకు నీళ్లే కాగి ఉంటాయి, ట్రేలో మధ్యాహ్నానికి జిగురు పట్టేస్తుంది. తాగే నీళ్లతోనే తడపండి, రోజుకు మూడు నాలుగు సార్లు కడగండి, జిగురు గానీ పుల్లని వాసన గానీ వస్తే ఆ ట్రే మొత్తం పారబోయండి. అందులో బాగున్నవి ఏరుకోవద్దు. గర్భిణులు, పసిపిల్లలు, ముసలివాళ్లు పచ్చి మొలకలకు బదులు ఆవిరి పట్టినవి తినడం మేలు, ఇది కూడా ప్యాకెట్ మీద రాయండి.

మైక్రోగ్రీన్స్‌కు మొదట పెసర, మెంతి, బఠాణీ చాలు. ఆవాలు పప్పుజాతి కాదు గానీ ఒంగోలులో ఆ ఘాటుకు గిరాకీ ఉంటుందని నా అంచనా. వారం పది రోజుల మొక్క అంటే అది ఒకరోజు మొలక కాదని గుర్తుంచుకోండి. నేను పైన చెప్పిన పోగుపడే దశ అదే, కాబట్టి కొత్త గింజ ఏదైనా మొదలుపెట్టే ముందు దాని ఎండు గింజ గురించి కాకుండా లేత మొక్క గురించి వాకబు చెయ్యండి.

ఇప్పుడు మేకలు. సుబాబుల్ కూడా పప్పుజాతి చెట్టే. దాని విషం మైమోసిన్, ఇదీ బయటి అమైనో ఆమ్లమే. వెంట్రుక కుదుళ్లలో కణాలు విభజన చెందకుండా ఆపేస్తుంది, అందుకే బొచ్చు ఊడుతోంది. ఆస్ట్రేలియాలో గొర్రెల ఉన్నిని కత్తెర లేకుండా ఊడదీయడానికి దీన్ని మందుగా వాడొచ్చేమోనని ప్రయోగాలు కూడా చేశారు. ముదురు ఆకులో కంటే లేత చిగుళ్లలో ఇది ఎన్నో రెట్లు ఎక్కువ, చిగురు కొసల్లో ఎండు బరువులో పది శాతం దాకా ఉండొచ్చు. కాయలు రాలి చెట్ల కింద ఒత్తుగా మొలిచిన నారు అంటే మొత్తం చిగురే. పెద్ద చెట్టు కొమ్మ నరికి వేస్తే మేకకు ముదురు ఆకు, లేత ఆకు కలిసి దొరుకుతాయి. నారులో మీ మేకలు విషం ఎక్కువున్న భాగాన్నే ఏరుకుని తింటున్నాయి.

పశువు పొట్టలో మైమోసిన్ డీహెచ్‌పీ అనే ఇంకో పదార్థంగా మారుతుంది. అది థైరాయిడ్‌ను దెబ్బతీస్తుంది. హవాయిలో మేకలు సుబాబుల్ మేసినా ఏమీ కాకపోవడం గమనించి, వాటి పొట్టలో డీహెచ్‌పీని తినేసే బాక్టీరియా ఉందని రేమండ్ జోన్స్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఆ పొట్టరసాన్ని ఆస్ట్రేలియా పశువులకు ఎక్కిస్తే అవీ తట్టుకున్నాయి. మన మందల్లో ఈ బాక్టీరియా అన్నిటికీ ఉంటుందని నమ్ముకోలేం.

మీరు చెయ్యాల్సింది ఇంతే. నారున్న చోటికి కొన్ని వారాలు మందను తోలకండి. సుబాబుల్ పూర్తిగా మానెయ్యక్కర్లేదు, మంచి ప్రోటీన్ మేత అది. కొమ్మలు నరికి ఒకపూట ఎండలో వాడనిచ్చి, మొత్తం మేతలో మూడో వంతు దాటకుండా, జొన్న చొప్పతోనో వేరుశనగ కట్టెతోనో కలిపి వెయ్యండి. చూలు మేకలకు ఇంకా తగ్గించండి, కుందేళ్లకు, గుర్రాలకు అసలు వద్దు. మేత మార్చాక బొచ్చు మళ్లీ వస్తుంది. నోటి నుంచి చొంగ కారడం, గొంతు దగ్గర వాపు, పిల్లలు బలహీనంగా పుట్టడం లాంటివి కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా పశువైద్యుడికి చూపించండి, సుబాబుల్ నారు మేశాయని ఆయనకు ముందే చెప్పండి. లేకపోతే గజ్జి అనుకుని దానికి మందు రాస్తారు.